ఆ పెట్టెలు విప్పెయ్, అల్లుడూ

ఒరేయ్ అల్లుడూ,

మొన్న ఆదివారం ఫోన్లో నువ్వు ఆ మాట చెప్పినప్పుడు నేనేమీ అనలేదు. ఫోను స్పీకర్లో ఉంది, మీ అమ్మ పక్కనే కూర్చుని ఉంది. నువ్వేమో మంచి హుషారులో ఉన్నావు. వచ్చే నెల రాబోయే కొత్త మ్యాజిక్ కార్డుల సెట్‌వి పన్నెండు బాక్సులు ప్రీ ఆర్డర్ పెట్టావు, అదీ క్రెడిట్ కార్డు మీద. ఒక్కటీ విప్పవట. సీలు తీయకుండా అల్మరాలో పెట్టేస్తే పదేళ్లకి ఇంటి డౌన్ పేమెంట్ చేతికొస్తుందట. "మ్యాజిక్ గురించి నీకు నేను చెప్పాలా మామయ్యా, నాకు నేర్పిందే నువ్వు కదా" అని నవ్వావు.

నేర్పింది నేనే. నీకు పదేళ్లప్పుడు, వేసవి సెలవులకి తెనాలి వచ్చినప్పుడు, వసారాలో చాప మీద కూర్చోబెట్టి నేర్పాను. ఏ రంగు కార్డు బలం ఏమిటో, ఏ కార్డు ఎప్పుడు దించాలో, ఎప్పుడు చేతిలోనే పెట్టుకోవాలో అన్నీ చెప్పాను. ఒక్క సంగతి మాత్రం చెప్పలేదు. ముప్పై ఏళ్లుగా మీ అమ్మకీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ఈ ఉత్తరం మీ అమ్మ కూడా చదువుతుంది కాబట్టి నీకు తెలిసినవి కూడా కాస్త విడమరిచి రాస్తాను, విసుక్కోకు.

1993 ఆగస్టులో మ్యాజిక్ ది గ్యాదరింగ్ అనే ఆట బజారులోకి వచ్చింది. కనిపెట్టినవాడు రిచర్డ్ గార్ఫీల్డ్, లెక్కల్లో డాక్టరేట్ చేసినవాడు. అచ్చు వేసింది సియాటిల్ పక్కన పీటర్ ఆడ్కిసన్ అనే ఆయన నడిపే విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే చిన్న కంపెనీ. పేకాటలో అందరికీ ఒకటే పేక. ఇందులో అలా కాదు, ఎవరి పేక వాళ్లే కూర్చుకోవాలి. ప్యాకులో ఏ కార్డులు వస్తాయో విప్పేదాకా తెలియదు. ఒక్కో మనిషి కాసిని కార్డులే కొంటాడని, ఎవరి దగ్గర ఏముందో ఆడుతుంటేనే బయటపడుతుందని గార్ఫీల్డ్ అనుకున్నాడు. జనం బుట్టలకొద్దీ కొంటారని ఆయన ఊహించలేదు. మొదటి విడత అచ్చయిన 26 లక్షల కార్డులు చూస్తుండగానే అయిపోయాయి.

ఆ డిసెంబరులోనే మొదటి అదనపు సెట్ వచ్చింది, అరేబియన్ నైట్స్. అసలు ఆటకి కొత్త కార్డులు, కొత్త కథ జోడించేదే ఎక్స్‌పాన్షన్ సెట్. అందులో 78 రకాలు. వాటి వెనకవైపు రంగు వేరుగా వేద్దామనుకుని, చివరి నిమిషంలో మానేసి, ముందువైపు చిన్న వంపు కత్తి గుర్తు పెట్టారు. వెనకవైపు వేరుగా ఉండి ఉంటే పాత పేకలో కొత్త కార్డు కలిపి ఆడటం ఎవరికీ ఇష్టమయ్యేది కాదు. అప్పుడు మార్చుకున్న ఆ నిర్ణయం వల్లే ముప్పై ఏళ్ల కిందటి కార్డూ నిన్నటి కార్డూ ఒకే చేతిలో ఇముడుతున్నాయి. నాకు ఆ ఆటలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే. సరే, ఆ సెట్ మొత్తం సుమారు 50 లక్షల కార్డులే అచ్చయ్యాయి. అప్పట్లో డాలరున్నరలోపు ఉన్న ప్యాకులోంచి వచ్చిన కొన్ని కార్డులు ఇప్పుడు వందల, వేల డాలర్లు పలుకుతున్నాయి. నువ్వు చూస్తున్నది ఇదే. నేను కూడా అప్పుడు ఇదే చూశాను.

1994లో నేను ఒహైయోలో ఎమ్మెస్ చేస్తున్నాను. అపార్ట్‌మెంట్లో నలుగురం. ఒకడు గుంటూరు కుర్రాడు, ఒకడు మధురై, ఒకడు చైనా నుంచి వచ్చినవాడు. ఆ ఏడాది మార్చిలో యాంటిక్విటీస్, జూన్‌లో లెజెండ్స్, ఆగస్టులో ది డార్క్ వరసగా వచ్చాయి. వచ్చింది వచ్చినట్టే మాయం. షాపు తెరిచే సరికి బయట మనుషులుండేవారు. లెజెండ్స్ ప్యాకు ఒక్కటి దొరికితే పండగ. వారం తిరిగేసరికి అదే ప్యాకు రెండింతలకి, మూడింతలకి చేతులు మారేది. ఇదంతా పక్కన నిలబడి చూసిన నాకు, కొని అట్టేపెట్టడమే తెలివనిపించింది.

నవంబరులో ఫాలెన్ ఎంపైర్స్ వచ్చింది. తెలుగులో చెప్పాలంటే కూలిన సామ్రాజ్యాలు.

టీచింగ్ అసిస్టెంట్ జీతంలోంచి నేను మిగిల్చిన డబ్బు ఐదొందల డాలర్లు. అప్పుడు డాలరు 31 రూపాయలు. మీ అమ్మ పెళ్లి తర్వాతి వేసవిలో అనుకుంటున్నారు. అన్నగా నా వంతు అని ఆ డబ్బు దాచాను. దానితో ఆరు బాక్సులు కొన్నాను. బాక్సుకి 60 ప్యాకులు, ప్యాకుకి 8 కార్డులు. విప్పలేదు. మంచం కింద పెట్టి, పైన దుప్పటి కప్పాను. వేసవికి మూడింతలవుతుంది, చీరతో పాటు గాజులు కూడా వస్తాయి అని లెక్క వేసుకున్నాను.

రెండో వారం కూడా షాపులో ఆ ప్యాకులున్నాయి. నెల తర్వాతా ఉన్నాయి. క్రిస్మస్ దాటాక ధర తగ్గించి బోర్డు పెట్టారు. మార్చి నాటికి నేను కొన్న ధరలో సగానికి కూడా ఎవరూ అడగలేదు. ఆ ప్యాకులు ఆ తర్వాత ఏళ్ల తరబడి అమెరికా షాపుల్లో దుమ్ము కొట్టుకుంటూ కనిపించాయి.

ఎందుకిలా అయిందో నాకు చాలా కాలానికి తెలిసింది. తెలిసినరోజు మా నాన్న, అదే మీ తాతయ్య, కళ్ల ముందు మెదిలాడు. ఆయన ఎరువుల కొట్టు నీకు గుర్తుండదు. నాట్ల సీజన్లో యూరియాకి కరువొచ్చినప్పుడు డీలర్లందరూ ఒక పని చేసేవాళ్లు. వంద బస్తాలకి ఇండెంటు పెడితే ముప్పై వస్తాయి కాబట్టి, వంద కావలసినవాడు మూడొందలకి పెట్టేవాడు. పక్క డీలరు ఐదొందలకి పెట్టేవాడు. పైన కూర్చున్నవాడికి ఈ అంకెలు చూస్తే ఊరంతా యూరియా తప్ప ఇంకేమీ అడగడం లేదనిపించేది. ఒక ఏడాది కాలవలకి నీళ్లు ఆలస్యమయ్యాయి, అదే ఏడాది అడిగినదంతా వ్యాగన్లలో దిగిపోయింది. గోడౌన్లో బస్తాలు గడ్డ కట్టాయి. "ఇండెంటు కాగితం మీద ఆకలి కనపడుతుందిరా, అన్నం తినే మనిషి కనపడడు" అనేవాడు మీ తాతయ్య. ఆ మాట చిన్నప్పటి నుంచి విన్నవాణ్ణే. ఒహైయోలో కార్డుల పెట్టె ముందు నిలబడ్డప్పుడు గుర్తు రాలేదు.

అక్కడ జరిగింది అక్షరాలా ఇదే. లెజెండ్స్‌కి సుమారు మూడున్నర కోట్ల కార్డులు, ది డార్క్‌కి ఆరు కోట్ల చిల్లర అచ్చయ్యాయి. షాపులు అడిగినదాంట్లో చిన్న భాగమే అందింది. అందుకని ఫాలెన్ ఎంపైర్స్‌కి ప్రతి షాపూ కావలసినదానికి ఎన్నో రెట్లు ఆర్డరు పెట్టింది. ఈసారి కంపెనీ 35 కోట్ల పైచిలుకు అచ్చు వేసింది. అడిగినవాళ్లకి అడిగినంతా వచ్చి పడింది. అరేబియన్ నైట్స్‌కి డెబ్భై రెట్లు, ఏడాది కూడా తిరగకుండానే.

ఇప్పుడు నువ్వు అడగబోయేది నాకు తెలుసు. "కంపెనీ అప్పుడు పిల్లది మామయ్యా, ఇప్పుడు వాళ్లకి లెక్కలు తెలుసు" అంటావు. అవును, తెలుసు. తెలుసు కాబట్టే నీకు ఇంకా కష్టం. ప్లే బూస్టర్ అని ఒకటి, కలెక్టర్ బూస్టర్ అని ఒకటి, మెరుపు కార్డులు, అంచు లేని బొమ్మలు అని రకరకాలు, ఏడాదికి అరడజను సెట్లు. ఎవరికి ఎంత ఆశ ఉందో అంత అచ్చు వేయడం నేర్చుకున్నారు. నీలాగే సీలు తీయకుండా దాచేవాళ్లు ఎన్ని వేలమంది ఉన్నారో ఆలోచించావా? అరేబియన్ నైట్స్ ఖరీదైనదెందుకు? ఆ ప్యాకుల్ని అప్పటి పిల్లలు చింపి, రబ్బరు బ్యాండ్లు వేసి, స్కూలు బల్లల మీద రుద్ది, సగం పోగొట్టారు. దాచాలని ఎవరికీ తోచకపోబట్టి అది మిగల్లేదు. అందరూ దాచేది ఎలా కరువవుతుందిరా?

నువ్వు 2023లో వచ్చిన లార్డ్ ఆఫ్ ది రింగ్స్ సెట్ సంగతి కూడా ఎత్తావు. ప్రపంచం మొత్తానికి ఒక్కటే ప్రతి వేసిన ఉంగరం కార్డు, దాన్ని పోస్ట్ మలోన్ అనే పాటగాడు ఇరవై లక్షల డాలర్లకి కొన్నాడని పత్రికలన్నీ రాశాయి. నిజమే. కానీ ఆ కార్డు ఎవరికి దొరికింది? ప్యాకు విప్పినవాడికి.

పాత కార్డుల విలువకి ఇంకో కథ ఉంది, అది కూడా విను. 1995 వేసవిలో క్రానికల్స్ అని ఒక సెట్ వేశారు. అరేబియన్ నైట్స్, లెజెండ్స్ లాంటి పాత సెట్లలోంచి 125 కార్డుల్ని తెల్ల అంచుతో మళ్లీ అచ్చు వేశారు. సిటీ ఆఫ్ బ్రాస్ అందులో ఉంది, నికోల్ బోలాస్ అందులో ఉన్నాడు. ఆడుకునేవాళ్లు సంతోషపడ్డారు, దాచుకున్నవాళ్లు గగ్గోలు పెట్టారు. వాళ్ల గగ్గోలుకి జవాబుగా 1996లో కంపెనీ ఒక జాబితా ప్రకటించింది, ఈ కార్డులు ఇక ఎప్పటికీ మళ్లీ అచ్చు వేయం అని మాట ఇచ్చింది. రిజర్వ్‌డ్ లిస్ట్ అంటారు దాన్ని. నీకు బాగా తెలుసు, నువ్వు పెట్టుబడి అనేదే ఆ జాబితాని చూసి. అయితే ఆ జాబితాలో ఫాలెన్ ఎంపైర్స్ కార్డులు కూడా ఉన్నాయి. రెయిన్‌బో వేల్ ఉంది, ఎబన్ ప్రేటర్ ఉంది. అవి మళ్లీ అచ్చు కావని కంపెనీ మాట. అయినా ఈ రోజుకీ వాటిలో చాలావాటిని కొద్ది డాలర్లకే తెచ్చుకోవచ్చు. మళ్లీ రాదన్నంత మాత్రాన దేనికీ విలువ రాదు, అల్లుడూ. దానికోసం వెతికేవాడు ఒకడుండాలి.

నా ఆరు బాక్సుల సంగతికి వస్తాను. ఫిబ్రవరిలో ఒక శనివారం మంచు తుపాను. కారు తీసే వీల్లేదు, టీవీ పాడైంది. మధురై కుర్రాడు మంచం కింద దుప్పటి ఎత్తి చూసి, "ఇవేమిట్రా?" అన్నాడు. చెప్పలేక చెప్పాను. వాడు ఒక్క మాట కూడా అనకుండా ఒక బాక్సు తీసుకొచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు. నేను ఆపలేదు.

అప్పుడు గానీ ఆ సెట్‌లో ఏముందో నేను చూడలేదు. సార్పేడియా అనే ఖండం. చలి ముదురుతోంది, మంచుయుగం రాబోతోంది. అయిదు రంగులకి అయిదు రాజ్యాలు, అయిదూ కూలుతున్నాయి. మరుగుజ్జుల్ని గోబ్లిన్లూ ఓర్క్‌లూ మింగుతాయి, సముద్రంలోని వోడాలియాని పెంకు జీవులైన హోమరిడ్లు కబళిస్తాయి. ఇంకా ఘోరం, కొన్ని రాజ్యాలు తాము పెంచినవాటి చేతుల్లోనే పోతాయి. హేవెన్‌వుడ్ అడవిలో ఎల్ఫులు తిండి చాలక థాలిడ్ అనే పుట్టగొడుగు జాతిని సాగు చేస్తారు. చివరికి ఆ పంటే లేచి రైతు మీద పడుతుంది. నల్ల మతం వాళ్లు బలి ఇవ్వడానికని థ్రల్‌లని పుట్టిస్తారు, అవి తిరగబడతాయి. స్కాఫ్ ఎలియాస్, జిమ్ లిన్, క్రిస్ పేజ్, డేవ్ పెటీ అనే నలుగురు దోస్తులు అల్లిన సెట్ ఇది. మొత్తం 102 రకాలే, కానీ మామూలు కార్డులకి ఒక్కోదానికి మూడు నాలుగు వేర్వేరు బొమ్మలు గీయించారు. బొమ్మలతో కలిపి లెక్కేస్తే 187. అంత ప్రేమగా చేసినదాన్ని మూడు నెలలు దుప్పటి కింద పెట్టాను.

ఆ చలికాలమంతా ఆడాం. నా పేక ఆకుపచ్చ, నలుపు. థాలిడ్ దించితే ప్రతి వంతుకి దాని మీద ఒక బీజం పెరుగుతుంది, మూడు బీజాలు తీసేస్తే ఒక పిల్ల పుడుతుంది. గుర్తు పెట్టుకోవడానికి మా దగ్గర ఏమీ లేక కందిపప్పు బద్దలు వాడేవాళ్లం. ఆట అయ్యాక వాటిని కడిగి కుక్కర్లో వేసేవాడు గుంటూరు కుర్రాడు. నలుపులో హిమ్ టు టూరాక్ ఉండేది. రెండు నల్ల మానాకే, అంటే ఆటలో ఖర్చుపెట్టే శక్తి రెండు పాళ్లకే, ఎదుటివాడి చేతిలోంచి గుడ్డిగా రెండు కార్డులు పడగొడుతుంది. బజారంతా చెత్త సెట్ అని తీసిపారేసిన దాంట్లోనే ఆ కార్డు ఉంది. తర్వాత ఎన్నో ఏళ్లు పెద్ద పెద్ద పోటీల్లో ఆడారు దాన్ని. హై టైడ్, గోబ్లిన్ గ్రెనేడ్ కూడా ఇందులోవే. ధర పడిపోబట్టి నాలాంటి స్టూడెంట్ల చేతికి అవి నాలుగేసి అందాయి. కరువు సెట్లు కొన్నవాళ్ల దగ్గర కార్డులున్నాయి, మా దగ్గర ఆట ఉంది.

ఆ సెట్‌లో హాలో ట్రీస్ లాంటి నేల కార్డులు కొన్ని ఉంటాయి, గుర్తుందా? వాడకుండా అలాగే ఉంచితే వంతుకొకటి చొప్పున శక్తి దాచుకుంటాయి, ఒకేసారి తీసి వాడుకోవచ్చు. చైనా కుర్రాడికి అవంటే మోజు. ఎనిమిదో, తొమ్మిదో పోగేసి కూర్చునేవాడు. ఆ లోపల మా చిన్న చిన్న థాలిడ్లు వాణ్ణి ముగించేసేవి. తర్వాత వాడు ఒకటో రెండో మాత్రమే పెట్టుకుని, అవసరానికి తీసి వాడటం నేర్చుకున్నాక మమ్మల్ని ఓడించడం మొదలుపెట్టాడు. దాచడం తప్పని నేననను. నువ్వు నెలనెలా జీతంలోంచి 401(కె) రిటైర్మెంట్ ఖాతాలో వేస్తున్నావని విని నేనెంత సంతోషపడ్డానో మీ అమ్మనడుగు.

ఇక పని మాటలు. ఆ బాక్సులు ఇంకా విడుదల కాలేదు అన్నావు. రేపు పొద్దున్నే షాపుకి ఫోన్ చేసి ఎన్ని రద్దు చేసుకోవచ్చో అడుగు. కొంత రుసుము పోయినా పోనీ. క్రెడిట్ కార్డు బాకీ మాత్రం ఉంచకు. అక్కడ వడ్డీ ఏడాదికి 20 శాతం పైనే నడుస్తోంది. తీర్చకుండా వదిలేస్తే పదేళ్లలో ఆరింతలవుతుంది. ఆ బాక్సులు ఆరింతలైనా నీకు మిగిలేది సున్నా. పైగా నీ అల్మరాలో తేమ పట్టకూడదు, ఇల్లు మారినప్పుడల్లా మొయ్యాలి, అమ్మబోతే రీసీల్ చేసినవి కావని నమ్మించాలి. కొన్నంత సులువు కాదు అమ్మడం. నేను చూశాను.

ఒక బాక్సు ఉంచుకో. రెండైనా సరే. కొత్త సెట్ నీకు నచ్చింది, నీ డబ్బు నీది, నేను కాదనను. కానీ విప్పు. నువ్వు డల్లాస్ వెళ్లి ఏడాదైంది, శనాదివారాలు ఎలా గడుస్తాయంటే ప్రతిసారీ మాట మార్చేస్తావు. మీ అమ్మకి తెలియదనుకుంటున్నావా? మీ ఆఫీసులో ఇంకెవరైనా ఆడతారేమో కనుక్కో. అక్కడి షాపుల్లో శుక్రవారం రాత్రి ఆటలుంటాయి కదా, వెళ్లు. ఎనిమిది మంది కూర్చుంటే మనిషికి మూడు ప్యాకుల చొప్పున ఒక బాక్సుతో డ్రాఫ్ట్, అంటే అక్కడికక్కడే ప్యాకులు విప్పి పేక కూర్చుకునే ఆట, ఆడుకోవచ్చు. గెలవకపోయినా ఇంటికి వచ్చేటప్పుడు ఒకరిద్దరి ఫోన్ నంబర్లు జేబులో ఉంటాయి. ఆ అపార్ట్‌మెంట్‌లోని ముగ్గురూ ఇప్పటికీ నాతో మాట్లాడతారు. మీ తాతయ్య పోయినప్పుడు మధురైవాడు తెనాలి దాకా వచ్చాడు, నువ్వు చూశావు. తెల్లచొక్కా వేసుకుని పెరట్లో కుర్చీలు సర్దినాయన. ఆయనే.

అమ్మడూ, నువ్వు ఇక్కడిదాకా చదివి ఉంటే, నీ పెళ్లికి నేను పంపింది ఆ చిన్న గడియారం ఒక్కటే. స్కాలర్‌షిప్ ఆలస్యమైందని రాశాను. అది అబద్ధం. నువ్వు ఆ గడియారాన్ని ఇరవై ఏళ్లు పెట్టుకున్నావు. చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను.

అల్లుడూ, ఈ ఉత్తరంతో పాటు పార్శిల్లో ఒక పాత సబ్బు పెట్టె వస్తుంది. అందులో నా థాలిడ్ పేక ఉంది, అరవై కార్డులు. అంచులు తెల్లబడ్డాయి, ఒకదాని మీద పప్పు మరక కూడా ఉంది. హిమ్ టు టూరాక్ నాలుగు బొమ్మలతో అచ్చయింది. నా దగ్గర మూడే ఉన్నాయి, నాలుగోది ఒహైయో వదిలి వచ్చేటప్పుడు గుంటూరు కుర్రాడు గుర్తుగా ఉంచుకున్నాడు. ఆ నాలుగో బొమ్మ నీ ఊరి షాపులో ఏ పెట్టెలోనో ఉంటుంది, పెద్ద ఖరీదు కాదు. వెతికి పట్టుకో. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఈ పేక, నీ పేక రెండూ తెచ్చుకో. వసారాలో చాప అలాగే ఉంది. కందిపప్పు మీ అమ్మనడిగి నేను తీసి ఉంచుతాను.

మామయ్య